గోడలోని నీటికి దారి

తుపాను వెలిసిన మరునాడు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తీరగ్రామములలో ఇంటివారు మొదట పైకప్పు చూచుకొందురు. పిదప గోడలు చూచుకొందురు. కప్పునకు కలిగిన నష్టము వెంటనే కంటికి కనబడును. గోడకు కలిగిన నష్టము అట్లు కనబడదు. అది లోలోపల కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు మాసములు దాగియుండి, తరువాత సున్నము ఉబ్బి రాలుటగానో, బియ్యపు బస్తా అడుగున బూజుగానో, చంటిబిడ్డ దగ్గుగానో బయటపడును. మట్టిగోడ యైనచో రాత్రివేళ నిద్రించువారిమీద కూలుటయు కలదు.

ఈ జిల్లాలలో ఏడాదికి వేయి మిల్లీమీటర్లకు పైగా వర్షము పడును. గాలి లేని వాన నిలువుగా పడును గాన దానికి చూరు చాలును. తుపాను వాన అట్టిది కాదు. రెండు మిల్లీమీటర్ల వ్యాసముగల చినుకు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగముతో దిగును. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు గాలి గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన వేగముతో వీచెను. అనగా సెకనుకు దాదాపు 39 మీటర్లు. లెక్క వేసి చూచినచో, అట్టి గాలిలో చినుకు ఒక మీటరు క్రిందికి దిగులోపల ఆరు మీటర్లు అడ్డముగా పోవును. ఇట్టి వానను రెండడుగుల చూరు ఏమి ఆపగలదు? అది కప్పుమీద పడు వాన కాదు, గోడను కొట్టు వాన.

ఈ సంగతి పూర్వులు ఎరుగనిది కాదు. ఈ తీరమున ఒకప్పుడు విరివిగా నుండి, నేడు అక్కడక్కడ మాత్రమే మిగిలిన చుట్టిండ్లను చూడుడు. గోడ మట్టిది, కప్పు తాటాకుది. ఆ కప్పు గొడుగువలె నలువైపుల క్రిందికి దిగి గోడను దాదాపు పూర్తిగా కప్పియుండును. లోనికి పోవువాడు తల వంచియే పోవలెను. గుండ్రని గోడకు మూలలు లేవు గాన గాలి దానిని ఒరసికొని ప్రక్కకు తొలగిపోవును. అయినను కొంత తడి గోడకు చేరక మానదు. మట్టిగోడ దానిని పీల్చుకొని, ఎండ కాసిన పిమ్మట మరల గాలికి విడిచిపెట్టును. గుల్లసున్నము పూసిన గోడయు ఇట్లే చేయును. ఆ గోడలు తడియని గోడలు కావు. తడిసి ఆరు గోడలు.

గోడ నీటిని ఏల పీల్చును? దీపపు వత్తి నూనెను పైకి లాగుటయు, అద్దుడు కాగితము సిరాను పీల్చుటయు ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. ఇటుకలోను, సిమెంటు మాలులోను కంటికి కనబడని సన్నని రంధ్రములు లెక్కకు మించి కలవు. రంధ్రము ఎంత సన్ననిదో నీరు అంత ఎత్తునకు ఎక్కును. 0.1 మిల్లీమీటరు వ్యాసార్ధముగల శుభ్రమైన గాజు గొట్టములో నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కును. వ్యాసార్ధము అందులో పదవ వంతైనచో పదిరెట్లు ఎక్కును. దీనిని కేశాకర్షణ మందురు. నేలలోని తడి గోడ నెక్కుటకును, వెలుపలి తడి లోపలికి వచ్చుటకును ఇదియే కారణము.

ఎడతెగని గాలివానలుగల బ్రిటను దేశమున దీనికి ఒక ఉపాయము పందొమ్మిదవ శతాబ్దముననే వాడుకకు వచ్చి, ఇరువదవ శతాబ్దమున సామాన్యుల ఇండ్లకును వ్యాపించినది. ఒక లావుపాటి గోడకు బదులు రెండు పలుచని గోడలను, నడుమ సుమారు రెండంగుళముల ఖాళీ విడిచి కట్టుదురు. దీనిని బోలుగోడ యనవచ్చును. వెలుపలి గోడ తడియును. తడియుటకే అది యున్నది. చొరబడిన నీరు దాని లోపలి ముఖము వెంట క్రిందికి జారును. సన్నని రంధ్రములు నీటిని లాగగలవు గాని, రెండంగుళముల గాలిని దాటింపలేవు. కావున లోపలి గోడ పొడిగా నుండును.

ఉపాయము చక్కనిదే. అయితే జారిన నీరు ఎక్కడికి పోవలెను? బోలుగోడ కట్టుట తెలిసినవారును తరచుగా మరచునది ఇచ్చటనే. పునాదికి పైన, కిటికీలకును తలుపులకును పైన, నడిమి ఖాళీలో నీరు చొరని పొర నొకదానిని వెలుపలికి వాలునట్లు పరచవలెను. ఆ పొర అంచున వెలుపలి గోడలో సుమారు మూడడుగులకు ఒకటి చొప్పున చిన్న తూములు విడువవలెను. రెండు గోడలను కలిపిపట్టుటకు తుప్పుపట్టని లోహపు కమ్ములు వేయుదురు. వాటి నడుమ ఒక మెలిక యుండును. కమ్మి వెంట ప్రాకివచ్చు బొట్టు ఆ మెలికవద్ద ఆగి రాలిపోవును. కాని తాపీనుండి జారిన మాలుముద్ద ఆ కమ్మిమీద గట్టిపడినచో, అదియే నీటికి వంతెన యగును. అరచేతిలో ఇముడు ముద్ద గోడ నంతను వ్యర్థము చేయును.

మన దేశమున లారీ బేకరు (1917–2007) ప్రచారము చేసిన ఎలుకబోను కట్టును కొందరు బోలుగోడ యనుకొందురు. ఇటుకలను అంచుమీద నిలిపి కట్టు ఆ గోడలోను ఖాళీ కలదు. ఇటుకలు దాదాపు నాలుగవ వంతు మిగులును. ఇల్లు చల్లగా నుండును. అయితే అడ్డముగా పెట్టిన ఇటుకలు రెండు ముఖములను కలుపును గాన నీటికి అది సంపూర్ణమైన అడ్డు కాదు.

ఇక పూత సంగతి. సిమెంటు పూత గోడకు కవచమని పలువురి నమ్మకము. కవచమే, పగులనంతవరకు. ఎండకు వ్యాకోచించి, వానకు సంకోచించి, అది వెండ్రుకవలె సన్నగా బీటలు వారును. గాలి ఆ బీటలలోనికి నీటిని నెట్టును. చొచ్చిన నీరు మరల ఆరుటకు మిగిలిన పూత యంతయు అడ్డు. పాత మట్టిగోడను, సున్నపు గోడను బలపరతు మనుకొని సిమెంటు పూయువారు ఇట్లే మోసపోవుదురు: వెలుపల నున్నగా నుండగా లోపల మట్టి మెత్తబడుచుండును. అట్టి గోడకు సున్నపు పూతయే మేలు. సముద్రపు టిసుక కలిపిన మాలు మరియొక చిక్కు. అందలి ఉప్పు గాలిలోని తేమను లాగుచు, తడి ఆరినచోట తెల్లగా పూయుచు, పూతను పొరలు పొరలుగా రాల్చును. నౌపడ ఉప్పుమడుల గాలి తెలిసినవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు.

మన జిల్లాలలో బోలుగోడలు అరుదు. ఒంటిగోడ ఇండ్లకును ఈ తెలివి కొంత పనికివచ్చును. సన్‌షేడు అడుగున అంచుకు దగ్గరగా అరంగుళపు గాడి తీసినచో, నీరు దానిని దాటి గోడవైపు ప్రాకక అక్కడనే రాలును. వాన వెలిసిన వెంటనే ఏ సన్‌షేడు క్రిందనైనను ఇది చూడవచ్చును. పునాదిపై చెమ్మను ఆపుటకు వేసిన పొరను దాటి పూతను నేలవరకు దింపరాదు. దింపినచో నేలతడి పూత వెంటనే గోడ నెక్కును. ఈ తప్పు క్రొత్త ఇండ్లలో తరచుగా కనబడును. చూపునకు నునుపుగా నుండునని చేయుదురు.

బోలుగోడకు పూత పూయునప్పుడు తూములు పూడిపోకుండుటకు నూనె రాచిన వెదురుపుల్లలను వాటిలో నుంచి, పూత గట్టిపడిన పిమ్మట తీసివేయవచ్చును. మొదటి గాలివానకు ఆ తూములనుండి నీరు కారుట చూచి, గోడ చెడినదని బెదరి, ఇంటివారే వాటిని సిమెంటుతో పూడ్చుటయు సంభవము. మేస్త్రీ పని ముగించి పోవుటకు ముందు, ఆ నీరు ఏల కారునో వారికి చెప్పి పోవలెను.