పరుగు అలవాటు నిలవాలంటే

పోలీసు ఉద్యోగ ప్రకటన వెలువడగానే పరుగు మొదలుపెట్టి, నాలుగు రోజులకే విడిచిపెట్టే యువతీయువకులు హోసూరు, కృష్ణగిరి పల్లెలలో లేకపోలేదు. తమిళనాడు రెండవ శ్రేణి పోలీసు నియామకానికి 2023లో వెలువడిన ప్రకటన ప్రకారం పురుషులు 1500 మీటర్లను 7 నిమిషాలలో, మహిళలు 400 మీటర్లను 2 నిమిషాల 30 సెకన్లలో ముగించవలసి ఉండెను. అనగా పురుషులకు ప్రతి 400 మీటర్లకు దక్కేది 1 నిమిషం 52 సెకన్లే. కొద్ది రోజుల ఆరాటంతో ఈ వేగం అలవడదు.

మరి ఉత్సాహం సన్నగిల్లకుండా కాపాడుకొనుట ఎట్లు? లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు పరిశీలించి, 2010లో ఫలితాలను ప్రచురించారు. ఒక పని అలవాటుగా స్థిరపడుటకు సుమారు 66 రోజులు పట్టునని, మనిషిని బట్టి ఇది 18 నుండి 254 రోజుల వరకు ఉండవచ్చునని వారు అంచనా కట్టారు. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడదనీ తేల్చారు.

కనుక పరుగును నిత్యం జరిగే మరొక పనికి ముడిపెట్టడం మేలు. పాలు కేంద్రంలో పోసి వచ్చిన వెంటనే పరుగు అని నిర్ణయించుకుంటే, ప్రతి ఉదయం మనసుతో వాదులాట ఉండదు. తొలి వారాలలో కొంత నడక, కొంత పరుగు చాలును. పరుగెత్తుతూనే మాట్లాడగలిగినంత వేగమే తగినది. పూల కోత ఒత్తిడిలో ఒకనాడు తప్పితే మరునాడు తిరిగి మొదలుపెట్టాలి.

ఇందులో ఇంటివారి పాత్రా ఉన్నది. తప్పిన రోజును ఎత్తిపొడవక, ఆడపిల్లలకు తోడుగా అక్కనో పిన్నినో పంపితే సాధన సాగుతుంది. ఉద్యోగం వచ్చినా రాకున్నా, ఆరోగ్యం మిగులుతుంది.