పాత చీర మంచిదే, పాత గిన్నె కాదు

పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్ల పొడవుండే బిడ్డ ఏడాది తిరిగేసరికి 75 సెంటీమీటర్లకు చేరుతుంది. మూడు కిలోల పైచిలుకు బరువు దాదాపు మూడింతలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ఎదుగుదల ప్రమాణాలు చెప్పే లెక్క ఇది. ఆ ప్రమాణాల కోసం కొలతలు తీసిన ఆరు దేశాల్లో మనదీ ఒకటి. దీన్నిబట్టి చూస్తే మొదటి ఏడాదిలో ఏ అంగీ అయినా రెండు మూడు నెలలకు మించి పట్టదు. చిరగకముందే, రంగు దిగకముందే పొట్టిదైపోతుంది. పసిపిల్లల బట్టలు పాతబడేది వాడకం వల్ల కాదు, పిల్లలు పెరగడం వల్ల. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ సంగతి ఇంకొకరు వచ్చి చెప్పక్కర్లేదు. పురుడు అయ్యేదాకా బిడ్డకు కొత్త బట్ట తొడగని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎన్నో ఏళ్లు కట్టి ఉతికిన నూలుచీరను చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. కొత్త బట్టకు పట్టిన గంజి, మిల్లులో పూసిన మందు, నిలవని రంగు ఉతికేకొద్దీ వదిలిపోతాయి. నూలు పోగు మెత్తబడుతుంది. పసి చర్మానికి కావాల్సింది అదే. దీన్ని ఆచారమని అన్నా, అనుభవమని అన్నా ఫలితం ఒకటే.

అందుకే పట్నాల్లో యువ తల్లిదండ్రులు పాత వస్తువులు వెతికి కొనడం, చేత్తో కుట్టినవి వాడడం కొత్త ఫ్యాషనని ఎవరైనా అంటే ఈ మూడు జిల్లాల్లో నవ్వు రావాలి. పాతవి వాడడం ఇక్కడ ఎప్పుడూ ఉన్నదే. మారాల్సింది అవి ఇంటికి చేరే తీరు. ఇన్నాళ్లూ పాత వస్తువు ఒకరు ‘ఇస్తే’ వచ్చేది. ఇచ్చినదాన్ని కాదనడం కష్టం, లోపం ఎంచడం ఇంకా కష్టం. అది మన డబ్బుతో, చూసి, అడిగి, నచ్చకపోతే వెనక్కి పెట్టి కొనుక్కునే సరుకు కావాలి. బిడ్డ క్షేమానికీ ఇంటి మర్యాదకూ అదే మంచిదని నా వాదన.

వెనకటి దారి ఎలా ఉండేదో ముందు చూద్దాం. తొలి కాన్పుకు కూతురు తల్లిగారింటికి వస్తుంది. అక్క పిల్లలు వాడిన కుల్లలు, అంగీలు, లాగులు సందుగలోంచి బయటికి వస్తాయి. దూలానికో కొక్కేనికో చీర కట్టి తొట్టెల వేస్తారు. కింద పరవడానికి బొంత ఉండనే ఉంటుంది. నాలుగైదు పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచుల నుంచి నడిమికి దబ్బనంతో వరస కుట్లు వేసుకుంటూ పోతే బొంత అవుతుంది. పొరల నడుమ గాలి నిలుస్తుంది కాబట్టి చలికాలం వెచ్చగా, తడిసినా ఎండలో తొందరగా ఆరేలా ఉంటుంది. పసిపిల్లల పక్కకు ఇంతకంటే తెలివైన వస్తువు బజార్లో తక్కువే. అయితే ఈ చుట్టరికపు దారి సన్నబడింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.8. అక్కకూ చెల్లెకూ కలిపి ముగ్గురు నలుగురు పిల్లలున్నచోట బట్టలు చేతులు మారే అవకాశం తక్కువ, బీరువాలో మిగిలిపోయే సరుకు ఎక్కువ. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగమనో, చెల్పూరులో కరెంటు ప్లాంటు పననో, హైదరాబాద్‌లో ఇంకేదో కొలువనో ఎవరి కాపురం వారిదయ్యింది. మిగిలిన బట్టలు చివరికి స్టీలు గిన్నెలు ఇచ్చి పాత బట్టలు తీసుకునేవాళ్ల మూటలోకి పోతాయి. నాలుగు సార్లు తొడిగిన ఫ్రాకు ఒక చిన్న గిన్నెలో వాటాగా లెక్కకొస్తుంది. నిజానికి దాని విలువ ఇంకో పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఎన్నో రెట్లు ఎక్కువ.

మరి ఆ ఇంకో ఇల్లు దాన్ని ఎందుకు కొనదు? ‘పక్కోళ్ల పాతబట్టలు మా బిడ్డకెందుకు’ అన్న మాటను అమాయకత్వమని కొట్టిపారేయడం తప్పు. ఈ నేలకు ఆ మాట వెనక ఒక చరిత్ర ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ వెట్టి నడిచిందీ, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం ఎదురు నిలబడిందీ నేటి జనగామ జిల్లాలోనే. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి కూడా ఇక్కడిదే. వెట్టి రోజుల్లో చాకిరీకి కూలి ఉండేది కాదు. పెద్దిళ్ల నుంచి దిగివచ్చిన పాత బట్ట, మిగిలిన అన్నం ‘దయ’గా అందేవి. పురుటింటి మైల గుడ్డలు ఉతకడం, మంత్రసాని పని కులాల నెత్తిన పడ్డ బాధ్యతలు. అలాంటి చోట పాత బట్ట అంటే మెత్తదనం కంటే ముందు గుర్తొచ్చేది ఎవరి ముందు చెయ్యి చాపాల్సి వచ్చిందన్నది. బిడ్డకు అప్పుచేసైనా కొత్తదే తొడుగుతామని పట్టుబట్టే తల్లిదండ్రుల పంతంలో ఆత్మగౌరవం ఉంది. దాన్ని దుబారా అని తీసిపారేయలేం.

అయితే ఆ అవమానం బట్టలో లేదు, ఇచ్చిన తీరులో ఉంది. ధర కట్టి కొన్నప్పుడు ఇద్దరూ సమానంగా నిలబడతారు. మరక ఉంటే తగ్గించమని అడగొచ్చు, జిప్పు పనిచేయకపోతే వద్దనొచ్చు, కొన్న మరుక్షణం నుంచి ఎవరికీ రుణపడి ఉండక్కర్లేదు. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, వాట్సాప్ గ్రూపులు ఈ వీలు కల్పించాయి. చిన్న పట్టణాల్లో వాటికంటే వారం వారం జరిగే అంగడే మెరుగని నాకనిపిస్తుంది. ఫొటోలో కుట్టు పట్టు తెలియదు, ఎలాస్టిక్ సాగిందో లేదో కనిపించదు. ఇక పరాయి బట్టతో క్రిములు, దిష్టి వస్తాయన్న భయం సంగతి: వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే క్రిములు చాలావరకు పోతాయి, దిష్టికి ఎవరింటి పద్ధతి వారికి ఎలాగూ ఉంది.

చూసి, అడిగి కొనాలని ఇంతగా చెప్పడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. పాత వస్తువులన్నీ పాత చీరలాంటివి కావు. దీనికి అందరికంటే గట్టి సాక్ష్యం మన దేశంలోనే ఉంది. వెనకటి తరాల్లో మూడేళ్లలోపు పిల్లల కాలేయం గట్టిపడి ప్రాణాలు తీసే ఒక జబ్బు ఉండేది. వైద్యులు దాన్ని ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అన్నారు. 1980వ దశకంలో పుణె కేఈఎం ఆస్పత్రి వైద్యులు, వారితో కలిసి పనిచేసిన బ్రిటిష్ పరిశోధకులు ఆ పిల్లల కాలేయాల్లో విపరీతంగా పేరుకున్న రాగిని, ఇళ్లలో పాలు కాచి నిల్వ ఉంచిన ఇత్తడి, రాగి పాత్రలను ఒకదానితో ఒకటి ముడివేసి చూపించారు. కళాయి పోయిన పాత్రలోంచి రాగి పాలల్లోకి దిగి, పాలతో పాటు బిడ్డ కడుపులోకి పోయేది. వంశ లక్షణాల పాత్రా ఉండొచ్చన్న వాదన లేకపోలేదు. కానీ స్టీలు, అల్యూమినియం వచ్చి ఇత్తడి పాలగిన్నె మూలన పడ్డాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. ఇది జనగామ వాళ్లు మరీ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. పెంబర్తి ఇత్తడి పని పక్కనే ఉంది, కాకతీయుల కాలం నుంచి సాగుతున్న విద్యగా దానికి పేరు. పాత ఇత్తడి బిందెలు, గిన్నెలు ఇప్పుడు మళ్లీ ముచ్చటగా కొంటున్నారు. షోకేసులో పెట్టుకోండి, పూలు వేసుకోండి. బిడ్డ పాలు మాత్రం అందులో పోయకండి.

ఇక్కడి నుంచి ఒక కొలత దొరుకుతుంది: కాలం గడిచేకొద్దీ వస్తువు మెరుగవుతుందా, చెడుతుందా? నూలు మెరుగవుతుంది. గట్టి చెక్క చెడదు, కానీ దాని రంగు మాట వేరు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగేసిన చెక్క తొట్టెల పొట్టు లేస్తుంటే బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంటుంది. ప్లాస్టిక్, ఫోమ్, రబ్బరు రోజురోజుకూ చెడేవే. పాత పాలసీసాలూ పీకలూ ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. మన దగ్గర కారు కంటే మోటారుసైకిలే ఇంటి బండి కాబట్టి హెల్మెట్ సంగతి ముఖ్యం. తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్లలోపు పిల్లలకు సరిపోయే హెల్మెట్, పట్టీల జాకెట్, 40 కిలోమీటర్ల వేగానికి మించకపోవడం 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధనలు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి పొర నలిగిపోతుంది. పైకి అది కనిపించదు, అమ్మేవాళ్లు చెప్పరు. దాన్ని కొత్తదే కొనాలి. అడుగున చక్రాలుండి బిడ్డను నడుమ కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకర్‌ను కెనడా 2004లోనే నిషేధించింది. పాతది అమ్మడం కూడా అక్కడ నేరమే. మెట్ల మీద నుంచి పడిన పిల్లల గాయాలే అందుకు కారణం. మన వడ్రంగి చేసే మూడు గీరల చెక్కబండి అలాంటిది కాదు. బిడ్డ తన కాళ్ల మీద నిలబడి తోయాలి, అలసిపోతే కూర్చుంటుంది. చెక్క నున్నగా, మేకు తల లోపలికి ఉన్నదా లేదా చూసుకుంటే అది పాతదైనా నిశ్చింతగా కొనొచ్చు.

చేతిపని బొమ్మల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. 2021 జనవరి 1 నుంచి దేశంలో బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపున్న చేతిపనులకూ మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు న్యాయమైనదే, లేకపోతే పరీక్షల ఖర్చుకే చిన్న కళాకారుడు మునిగిపోతాడు. కానీ మినహాయింపు అంటే పరీక్షలో నెగ్గినట్టు కాదు. ఏటికొప్పాక లక్కబొమ్మకు సహజ రంగులు, మొనలేని గుండ్రటి ఆకారం కలిసొస్తాయి. జనగామకు పొరుగునే ఉన్న చేర్యాల ముసుగులు రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసినవి. గోడకు అందంగా ఉంటాయి, చప్పరించే బిడ్డ చేతికి తగవు. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతు పైనే గిరిజనులు, వారిలో లంబాడాలే ఎక్కువ. తండాల్లో స్త్రీలు వేసే కుట్టుపని చూపు తిప్పుకోనివ్వదు. ఆ అద్దాలు, గవ్వలు, పూసలు మాత్రం మూడేళ్లలోపు బిడ్డ గొంతులో ఇరుక్కునే సైజువి. అద్దాల్లేకుండా, రంగుదారం కుట్టు మాత్రమే వేసిన గలీబులూ పక్కగుడ్డలూ అడిగి కుట్టించుకుంటే కళా ఉంటుంది, భయమూ ఉండదు.

కుట్టించుకోవడం అన్నాను, కుట్టడం అనలేదు. బిడ్డకు తల్లే స్వయంగా కుట్టాలి, అల్లాలి అనే ముచ్చటను పత్రికలు తెగ పొగుడుతాయి. నిద్ర చాలని బాలింతకు అది ఇంకో చాకిరీ. అమ్మమ్మ చేసినా ఊరికే వచ్చినట్టు కాదు, ఆమె కళ్లు, ఆమె నడుం ఖర్చవుతాయి. తండ్రి సూది పట్టిన ఫొటో ఈ ముచ్చట్లలో కనిపించదు. కొనడంలో ఉన్న న్యాయమే ఇక్కడా వర్తిస్తుంది: పనికి ధర కట్టాలి. 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు కుట్టిన మహిళా సంఘాలు మండలానికి మండలం ఉన్నాయి. బడి తెరిచే ముందు రెండు నెలలు పోతే మిషన్లకు పని పలచగానే ఉంటుంది. ఇంట్లో ఉన్న నాలుగు చీరలిచ్చి బొంత, తొట్టెల గుడ్డ, మెత్తటి అంగీలు కుట్టమని కూలి ముందే మాట్లాడుకుంటే పాత బట్టకూ, ఆ చేతికీ గిట్టుబాటవుతుంది.

అందరూ పాతవి కొంటే కొడకండ్ల నేతగాడి గతేమిటన్నది మిగిలిన ప్రశ్న. అతని మగ్గానికి పోటీ పాత నూలుచీర కాదు, మూడు ఉతుకులకు ఉండలు కట్టే చౌక పాలియెస్టర్ ఫ్రాకు. పాతదాంట్లో మెత్తటి నూలు విలువ తెలిసిన ఇల్లు కొత్తది కొనేటప్పుడూ నూలే అడుగుతుంది. ఇక 2017లో కేసీఆర్ కిట్ వచ్చాక సర్కారు దవాఖానలో కాన్పు అయిన తల్లులు పదహారు రకాల వస్తువులు కొత్తవే అందుకున్నారు, పాతవాటి అవసరం ఏమిటనే వాళ్లూ ఉన్నారు. కిట్టు మంచిదే, అది హక్కుగా వచ్చింది కాబట్టి తీసుకోవడంలో చిన్నతనం లేదు. కానీ ఆ అంగీ కూడా మూడో నెలకే పొట్టిదవుతుంది. అప్పుడు దాన్ని గిన్నెకు వేయాలా, అంగట్లో ధర చెప్పాలా అన్నది ఆ ఇంటి ఇష్టం.