టర్బో కారునకు వెలుపలి కలుజు

చెరువు నిండిననాడు కట్ట తెగకుండ కాచునది కలుజు. టర్బో గల కారులో ఆ పని వేస్ట్‌గేటుది. ఇంజను విడుచు పొగ టర్బైను చక్రమును త్రిప్పును. అదే ఇరుసుకు రెండవ కొసనున్న చక్రము గాలిని ఒత్తి ఇంజనులోనికి త్రోయును. గాలి హెచ్చిన ఇంధనము హెచ్చును, ఇంధనము హెచ్చిన పొగ హెచ్చును, పొగ హెచ్చిన చక్రము మరింత వడిగా తిరుగును. దీనికి అడ్డు లేకున్న పిస్టనులకు ముప్పు తప్పదు.

సామాన్యపు కార్లలో ఈ కవాటము టర్బోలోనే ఇమిడియుండును. పెద్ద టర్బో బిగించువారు దానిని వేరుగా, ఎగ్జాస్టు మానిఫోల్డుపై అమర్తురు. 1975లో అమ్మకమునకు వచ్చిన పోర్షే 911 టర్బోకును అది వేరుగనే యుండెను.

ఎచ్చట అమర్చవలెను? సిలిండర్ల గొట్టములన్నియు కలిసిన పిమ్మట, టర్బైనుకు ముందు. కలుజును నీటి వాలుననే కట్టుదుము గదా! పొగయు తన దారినే సాగుచు కవాటములోనికి ఒరగవలెను. చూపునకు అందముగా నుండునని గొట్టమును అడ్డముగా, లేదా ఎదురుగా అతికించినచో, కవాటము పూర్తిగా తెరచుకొన్నను పొగ టర్బైనుకే పోవును. పీడనము అదుపు తప్పి మెల్లగా ప్రాకును.

పరిమాణము విషయమున పలువురు పొరబడుచుందురు. పీడనము తక్కువ చాలును గనుక చిన్న కవాటము చాలునందురు. నిజము తలక్రిందులు. పీడనము తగ్గవలెనన్న టర్బైనును తప్పించి పంపవలసిన పొగ ఎక్కువ. కావున ఒకే ఇంజనుకు, ఒకే టర్బోకు, 15 పౌనుల పీడనమునకు కంటె 7 పౌనులకే పెద్ద దారి కావలెను. 38, 44, 60 మిల్లీమీటర్ల కొలతలలో ఇవి దొరకును.

వెల్డింగునకు ముందు కవాటమును విప్పి ప్రక్కన పెట్టవలెను. లేనిచో వేడికి దాని పీట వంకరపోవును, లోపలి రబ్బరు పొర కాలును. అతుకు లోవైపున పొడుచుకొని వచ్చిన లోహమును అరగదీయవలెను.

మిగిలినది ఒక చిన్న రబ్బరు గొట్టము. అది కంప్రెసరు మూతి నుండి రబ్బరు పొర క్రిందిగదికి, నడుమ మరి దేనికిని చీలక, నేరుగా పోవలెను. ఆ గదిలోని పీడనము స్ప్రింగును గెలిచినప్పుడే కవాటము తెరచుకొనును. గొట్టము ఊడినచో కవాటమునకు కబురే అందదు. అది మూసికొనియే యుండును. వేడి మానిఫోల్డునకు దూరముగా దానిని నడిపి, రెండు కొసలను క్లిప్పులతో బిగింపుడని మేము నొక్కి చెప్పుదుము.

మొదటి పరీక్ష స్ప్రింగు బలముతోడనే చేయవలెను. మీటరు ముల్లు స్ప్రింగు పీడనమున నిలువక, ఇంజను వేగముతోపాటు ఎక్కుచున్నచో, వెంటనే కాలు తీసి మరల గొట్టపు అతుకును చూడుడు.