ధనియాలు ముందు వేయాలా, చివర్లోనా? జంషెడ్‌పూర్ తెలుగు వంటిల్లు చెప్పే జవాబు

జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ 1912లో మొదలైంది. టాటా కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి, వాటితో పాటే మన వంటా వచ్చింది. అందుకే ఇక్కడి తెలుగువారికి ధనియాల రుచి రెండు రకాలుగా తెలుసు. ఇంట్లో అది చారు వాసన. బయట ధుస్కాతో పెట్టే బంగాళదుంప, శనగల కూరలో చిక్కటి మసాలా.

గింజ ఒకటే. తేడా అంతా దాన్ని ఎప్పుడు వేస్తామన్నదానిలో ఉంది.

ధనియాల సువాసనకు ముఖ్య కారణం లినలూల్ అనే నూనె పదార్థం. ఇది గాలికి, వేడికి త్వరగా ఎగిరిపోతుంది. గింజ పైపొట్టు దాన్ని కాపాడుతుంది. పొడి కొట్టగానే ఆ రక్షణ పోతుంది. నెలల కిందట కొన్న ప్యాకెట్ పొడిని ఎంత వేసినా కూర ఘుమఘుమలాడకపోవడానికి కారణం ఇదే.

ఉత్తరాది పద్ధతిలో ధనియాల పొడిని కాసిన్ని నీళ్లలో కలిపి, ఉల్లిపాయ వేగాక వేస్తారు. నీరు ఉన్నంతసేపు పొడి మాడదు. నూనె పైకి తేలేవరకు వేయించాలి. పొడిలోని పీచు నీటిని పట్టుకుని గ్రేవీకి చిక్కదనం ఇస్తుంది. అయితే వాసన చాలావరకు పోతుంది.

మన పద్ధతి వేరు. చారుపొడికి అర కప్పు ధనియాలు, రెండు చెంచాల కందిపప్పు, చెంచా చొప్పున మిరియాలు, జీలకర్ర, నాలుగు ఎండుమిరపకాయలు చాలు. కందిపప్పు వేగడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి దాన్ని విడిగా వేయించాలి. ధనియాలను సన్నటి సెగ మీద, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి వెంటనే పళ్లెంలోకి తీయాలి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి మాడి చేదెక్కుతాయి. పూర్తిగా చల్లారాకే పొడి కొట్టాలి. నలుగురికి సరిపడే చారులో, దించే ముందు ఒక చెంచా వేస్తే చాలు.

వేపుళ్లకైతే వేయించిన ధనియాలు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు కచ్చాపచ్చాగా దంచి చివర్లో చల్లాలి. పకోడీ పిండిలో పొడి బదులు నలగ్గొట్టిన గింజలు వేస్తే పంటి కింద తగిలినప్పుడల్లా రుచి తెలుస్తుంది.

ఈ రెండు పద్ధతులనూ ఒకే కూరలో కలపవచ్చు. చిక్కదనం కోసం మొదట్లో రెండు చెంచాల పొడి, వాసన కోసం దించే ముందు అప్పుడే వేయించి కొట్టిన అర చెంచా పొడి వేస్తే సరి. మొదట వేసేదానికి పాత పొడి అయినా ఫర్వాలేదు. చివర్లో వేసేది మాత్రం తాజాగా ఉండాలి.

కాబట్టి ధనియాలను గింజలుగానే కొని, తడి తగలని డబ్బాలో దాచుకోవడం మంచిది. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే పొడి కొట్టుకుంటే ఖర్చు పెరగదు, రుచి తగ్గదు.