లైన్ క్లియర్ ఎవరివ్వాలి?

బిలాస్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. నాన్నగారు సింగిల్ లైన్ స్టేషన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్. అవతలి స్టేషన్ ఒప్పుకుంటే తప్ప మిషన్‌లోంచి టోకెన్ గోళీ వచ్చేది కాదు. అది చేతికందనిదే డ్రైవర్ బండి కదిపేవాడు కాదు. మిషన్ చెడిపోతే ఏంచేయాలో స్టేషన్ నియమాల్లో రాసి ఉండేది. సిబ్బంది అవి చదివి సంతకం పెట్టాకే డ్యూటీ ఎక్కేవారు. ఖడక్‌వాస్లాలో, డెహ్రాడూన్‌లో నేను నేర్చుకున్న సారాంశమూ అదే: బాధ్యుడెవరో ముందే తెలియాలి, ప్రత్యామ్నాయం ముందే సాధన చేసి ఉండాలి.

ఇటీవల భూమి పత్రాల పనిమీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తే సర్వర్ పనిచేయడం లేదు. ‘కాంట్రాక్టరు కుర్రాడు రావాలి సార్, పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది’ అన్నారు. ఆయుధాగారం తాళంచెవి సరుకు సరఫరాదారు జేబులో ఉన్నట్లనిపించింది.

ఇది చిన్న విషయం కాదు. 2019లో ఉభయ తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దాడికి గురయ్యాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు స్తంభిస్తే రోగుల నమోదు, రిపోర్టులు రోజుల తరబడి కాగితంపై నడిచాయి. శత్రువు సరిహద్దు దాటనక్కర్లేదు. రేషన్, కరెంటు, ఆసుపత్రి ఆగితే చాలు.

2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. కానీ అర్ధరాత్రి దాడి జరిగితే ఆ ఫోను చేయాల్సిందెవరు? చాలా శాఖల్లో జవాబు దొరకదు. ఛత్తీస్‌గఢ్‌లో చిప్స్, ఎన్‌ఐసీ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ, తెలంగాణలో పోలీసుల సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉన్నాయి. అయితే నేరగాణ్ని పట్టడం వేరు, ముందుగా తలుపు గడియ సరిచూడటం వేరు. రెండోది ప్రతి శాఖా స్వయంగా చేసుకోవాల్సిన పని.

ఇందుకు నాలుగు పనులు అవసరం. ప్రతి శాఖకూ పేరుతో ఒక భద్రతాధికారి ఉండాలి. ఆయన కంప్యూటర్లు నడిపే విభాగం కింద కాకుండా ప్రధాన కార్యదర్శికి జవాబుదారీగా ఉండాలి. నడిపేవాడే తనిఖీదారు కాకూడదు. కొత్త వ్యవస్థ అంచనాల్లోనే భద్రత, నిర్వహణ ఖర్చులు చేర్చాలి. కాంట్రాక్టు ముగిసిన రోజే పాస్‌వర్డ్‌లు మార్చాలి. ఏడాదికి రెండుసార్లయినా సర్వర్లు ఆపి, బ్యాకప్ నుంచి తిరిగి నడిపి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్, పేల్చి చూడని తూటా ఒకటే.

వీటికి కావలసింది కొత్త యంత్రాలకన్నా ముందు స్పష్టమైన ఆజ్ఞ, కింద ఒక సంతకం. నాన్నగారి చిన్న స్టేషన్‌లో ఆ రెండూ ఉండేవి. కోట్లమంది వివరాలు దాచుకున్న సచివాలయాల్లో అంతకన్నా తక్కువ జాగ్రత్త చాలుతుందా?