తెల్లబంతి ఆగే చోటే అసలు ఆట
స్ట్రెయిట్ పూల్‌లో గురి కంటే ముందుచూపుకే పెద్దపీట

క్యారమ్స్‌లో చేయి తిరిగిన యువకులు పూల్ బల్ల దగ్గరకు వస్తే మొదటి రోజుల్లో చూపరులను ఆశ్చర్యపరుస్తారు. గురి కుదురుతుంది, కోణం తెలుస్తుంది, బంతి చక్కగా పాకెట్‌లో పడుతుంది. అయినా మూడు నాలుగు బంతులు వేసేసరికి ఆట ఆగిపోతుంది. తర్వాతి బంతి ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది గానీ దానిని కొట్టే దారి ఉండదు. లోపం గురిలో లేదు, అలవాటులో ఉంది. క్యారమ్స్‌లో కాయిన్ పడగానే స్ట్రైకర్ తిరిగి ఆటగాడి చేతికి వస్తుంది. దానిని తన గీత మీద నచ్చిన చోట పెట్టుకుని మళ్లీ కొట్టవచ్చు. స్ట్రైకర్ ఎక్కడికి దొర్లిందన్న చింత అక్కరలేదు. పూల్‌లో ఆ వెసులుబాటు లేదు. తెల్లబంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే తర్వాతి దెబ్బ కొట్టాలి. కనుక ప్రతి దెబ్బకూ రెండు పనులుంటాయి. ఒకటి ఎదుటి బంతిని పాకెట్‌కు పంపడం, రెండోది తెల్లబంతిని తర్వాతి బంతికి అనువైన చోట నిలపడం. కొత్తవారు మొదటి పని మీదే మనసంతా పెడతారు.

ఈ రెండో పనిని నేర్పడంలో స్ట్రెయిట్ పూల్‌కు సాటి వచ్చే ఆట అరుదు. దీనికే 14.1 కంటిన్యువస్ అని మరో పేరు. మన పట్టణాల్లోని పార్లర్లలో ఎయిట్ బాల్, స్నూకర్‌లదే జోరు కాబట్టి ఈ ఆట పేరు చాలామంది విని ఉండరు. అయితే పదిహేను రంగుబంతులు, ఒక తెల్లబంతి ఉంటే ఏ పూల్ బల్ల మీదనైనా దీనిని ఆడవచ్చు. ఒంటరిగానూ సాధన చేయవచ్చు.

పదిహేనో బంతి మహిమ

ఇది అమెరికాలో పుట్టిన ఆట. అంతకుముందు పదిహేను బంతులూ పూర్తయ్యాకే మళ్లీ త్రికోణంగా పేర్చి ఆట కొనసాగించేవారు. 1910లో జెరోమ్ కియో అనే ఆటగాడు చిన్న మార్పు సూచించాడు. పద్నాలుగు బంతులు పడ్డాక పదిహేనోదానిని బల్ల మీదే వదిలేసి, మిగిలిన పద్నాలుగింటినీ త్రికోణం కొనను ఖాళీగా ఉంచి పేర్చాలి. ఆటగాడు ఆ ఒంటరి బంతిని పాకెట్‌లో వేస్తూనే తెల్లబంతితో కొత్త గుట్టను చెదరగొట్టి ఆటను కొనసాగించాలి. పేరులోని 14, 1 అంకెల అర్థం ఇదే. 1912 నుంచి దశాబ్దాల పాటు అమెరికాలో పూల్ ప్రపంచ పోటీలు ఈ పద్ధతిలోనే సాగాయి. ఆ తర్వాత టీవీకి అనువుగా త్వరగా ముగిసే నైన్ బాల్ దీనిని వెనక్కి నెట్టింది. 1961 నాటి ‘ది హస్లర్’ సినిమాలో పాల్ న్యూమన్ ఆడేది స్ట్రెయిట్ పూలే. అదే పాత్రతో 1986లో వచ్చిన ‘ది కలర్ ఆఫ్ మనీ’ నాటికి నైన్ బాల్ రాజ్యమేలుతోంది.

నియమాలు సులువే. బంతుల మీది అంకెలతో పని లేదు, ఏ బంతినైనా కొట్టవచ్చు. అయితే ఏ బంతిని ఏ పాకెట్‌లో వేయబోతున్నదీ ముందే చెప్పాలి. చెప్పినట్టు పడితే ఒక పాయింటు. తప్పిపోతే వంతు ఎదుటివారికి వెళుతుంది. ముందుగా అనుకున్న సంఖ్యను, తరచుగా 100, 125 లేదా 150 పాయింట్లను, మొదట చేరినవారు విజేత. ఏ బంతినైనా ఎంచుకోవచ్చన్న ఈ స్వేచ్ఛే ఆటలోని చిక్కు కూడా. పదిహేను దారులు కనిపిస్తున్నప్పుడు ఏది మంచిదో తేల్చుకోవడమే నేర్పు.

ఆ నేర్పు ఎంత దూరం తీసుకుపోతుందో రికార్డులు చెబుతాయి. 1954 మార్చి 19న ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో విల్లీ మాస్కోనీ ప్రదర్శన ఆటలో ఒక్కటీ తప్పకుండా వరుసగా 526 బంతులు వేశాడు. ఆ బల్ల ఎనిమిది అడుగులది. అరవై ఐదేళ్లు నిలిచిన ఆ సంఖ్యను తొమ్మిది అడుగుల బల్ల మీద జాన్ ష్మిట్ 2019లో 626తో దాటాడు. 2022 జనవరిలో స్కాట్లాండ్‌కు చెందిన జేసన్ షా 714 వేశాడు. పద్నాలుగు చొప్పున లెక్కిస్తే అది యాభై ఒక్క గుట్టలకు సమానం. ఇంత పొడవైన వరుసలో కళ్లు చెదిరే దెబ్బలే నిండి ఉంటాయని అనుకుంటే పొరపాటు. మాస్కోనీ ఆటలో తెల్లబంతి కదలిక చాలా తక్కువ. ఒక సులువైన బంతి తర్వాత మరో సులువైన బంతి... చూసేవారికి అందులో విశేషమేమీ కనిపించదు. కష్టమైన దెబ్బ అవసరం రాకుండా చూసుకోవడంలోనే ఆయన గొప్పతనం ఉంది.

తెల్లబంతి దారి తెలిస్తే...

తెల్లబంతిని అదుపులో పెట్టాలంటే అది ఢీకొన్న తర్వాత ఎటు పోతుందో ముందే తెలియాలి. ఇందుకు రెండు సూత్రాలు చాలావరకు సరిపోతాయి. తెల్లబంతి ముందుకు గానీ వెనక్కు గానీ తిరగకుండా, జారుతూ వచ్చి తగిలితే, ఎదుటి బంతి వెళ్లే దిశకు లంబంగా పక్కకు మళ్లుతుంది. ఎదురెదురుగా సూటిగా తగిలితే ఉన్నచోటనే నిలిచిపోతుంది. అలా కాక సహజంగా దొర్లుతూ వచ్చి తగిలితే, మరీ పలుచగా గానీ మరీ నిండుగా గానీ తగలని దెబ్బల్లో, అది తన మొదటి దారి నుంచి సుమారు 30 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. తెల్లబంతి నడుముకు పైన కొడితే ముందుకు, కింద కొడితే వెనక్కు వచ్చే ధోరణి దీనికి తోడవుతుంది.

పక్క తిప్పుడు కూడా ఉంది. కుషన్‌కు తగిలిన తర్వాత తెల్లబంతి కోణం మార్చడానికి అది పనికొస్తుంది. అయితే నేర్చుకునే దశలో దాని మోజులో పడకపోవడం మేలు. కుడికో ఎడమకో కొట్టిన ప్రతిసారీ తెల్లబంతి గురిపెట్టిన గీత నుంచి కొద్దిగా జరుగుతుంది, గురి దెబ్బతింటుంది. పార్లర్లలో రెండు కుషన్లు చుట్టి వచ్చే దెబ్బకు చప్పట్లు పడతాయన్నది నిజమే. తెల్లబంతిని నట్టనడుమ కొట్టి జానెడు దూరంలో ఆపినవాడికి చప్పట్లు పడవు గానీ బంతులు పడతాయి.

ఆపే చోటు విషయంలోనూ ఒక మెలకువ ఉంది. తర్వాతి బంతికి, దాని పాకెట్‌కు మధ్య గీత గీసి వెనక్కు పొడిగిస్తే, ఆ గీతకు కొద్దిగా పక్కన తెల్లబంతి ఆగాలి. సరిగ్గా గీత మీదే ఆగితే దెబ్బ సులువవుతుంది గానీ, తెల్లబంతిని ముందుకో వెనక్కో తప్ప పక్కకు కదిలించలేరు. ఏ పక్కన ఆగాలన్నది ఆ తర్వాతి బంతిని బట్టి ఉంటుంది. అంటే చేతిలో ఉన్న బంతిని కొట్టే ముందే మూడో బంతి గురించి ఆలోచించి ఉండాలి. తెల్లబంతి ఆ గీతను అడ్డంగా దాటుతూ వస్తే వేగంలో చిన్న తేడా వచ్చినా పక్క మారిపోతుంది. గీత వెంబడే వస్తే జానెడు ముందు ఆగినా, జానెడు వెనుక ఆగినా పని జరుగుతుంది.

చిక్కుముడులు ముందు, సులువు తర్వాత

గుట్ట చెదిరాక కొత్త ఆటగాడి కన్ను పాకెట్ అంచున ఉన్న బంతి మీద పడుతుంది. వెంటనే దానిని వేసేస్తాడు. అనుభవజ్ఞుడు దానిని సాధారణంగా అలాగే ఉంచుతాడు. తెల్లబంతి అనుకోని చోట ఆగినా ఆదుకునే బంతి అది. ముందుగా వదిలించుకోవలసినవి కుషన్‌కు అంటుకున్నవి, ఒకదానికొకటి అతుక్కున్నవి, మరో బంతి దారికి అడ్డుగా నిలిచినవి. బల్ల మీద బంతులు నిండుగా ఉన్నప్పుడే ఈ చిక్కులు విప్పాలి. నాలుగే బంతులు మిగిలి, అందులో రెండు అతుక్కుని ఉంటే అవకాశాలు అడుగంటినట్టే.

అతుక్కున్న బంతులను విడదీయడానికి ప్రత్యేకంగా ఒక దెబ్బ ఖర్చు చేయనక్కరలేదు. పక్కనున్న మరో బంతిని పాకెట్‌కు పంపుతూ, తెల్లబంతి ఆ జంటను మెల్లగా తాకేలా కోణం ఎంచుకోవచ్చు. అయితే ఆ తాకిడి తర్వాత బంతులు ఎలా ఆగుతాయో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కనుక ఏమి జరిగినా కొట్టడానికి అందే బంతి ఒకటి పక్కన ఉందని చూసుకున్నాకే సాహసించాలి. పాకెట్ అంచు బంతిని దాచుకోమనడం ఇందుకే. ఇక ఇప్పటికే విడివిడిగా ఉన్న బంతులను ఊరికే కదిలించడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

వెనుక నుంచి ముందుకు లెక్క

ఈ ఆటకు ఆయువుపట్టు చివరి అయిదు బంతుల్లో ఉంది. చాలామంది పద్నాలుగు దగ్గర ఆగిపోయేది ఇక్కడే. కొత్త గుట్టను చెదరగొట్టడానికి వదిలే పదిహేనో బంతిని బ్రేక్ బాల్ అంటారు. దానికి ముందు పడే బంతి కీ బాల్. ఈ రెంటినీ ఆటగాడు బల్ల మీద బంతులు ఇంకా ఏడెనిమిది ఉండగానే మనసులో గుర్తుపెట్టుకోవాలి. చివరికి ఏది మిగిలితే అదే బ్రేక్ బాల్ అనుకుంటే కుదరదు.

బ్రేక్ బాల్ ఎక్కడ ఉండాలి? గుట్ట పేర్చే త్రికోణానికి పక్కగా, ఒకటి రెండు బంతుల ఎడంలో ఉంటే శ్రేష్ఠం. బల్ల తలవైపు నిలబడి చూస్తే అది గుట్టకు కుడివైపున ఉందనుకుందాం. దానిని కుడి మూల పాకెట్‌కు కోసినప్పుడు తెల్లబంతి ఎడమకు మళ్లి గుట్టలోకి దూసుకుపోవాలి. అలా జరగాలంటే పాకెట్ నుంచి బ్రేక్ బాల్ మీదుగా వెనక్కు గీసిన గీతకు తెల్లబంతి కుడిపక్కన ఉండాలి. ఎడమపక్కన ఆగితే అది గుట్టను తాకకుండా దూరంగా పోతుంది. కోణం మరీ తక్కువైతే తెల్లబంతి శక్తి అంతా బ్రేక్ బాల్‌కే పోయి గుట్ట కదలదు. మరీ పలుచని కోణమైతే బంతి పాకెట్ తప్పే ప్రమాదం ఉంది. నడిమి కోణం దొరకాలి.

ఆ కోణాన్ని ఇచ్చేది కీ బాల్. ఇదే ఉదాహరణలో తెల్లబంతి ఆగవలసిన చోటు దాదాపు బల్ల నడిభాగం. అక్కడే ఒక బంతి ఉండి, అది మధ్య పాకెట్‌కు సూటిగా పడేటట్టయితే అంతకంటే అదృష్టం లేదు. తెల్లబంతిని జారేలా కొడితే కీ బాల్ పాకెట్‌లో పడుతుంది, తెల్లబంతి దాని స్థానంలో ఆగుతుంది. దూరం లెక్కలు, కుషన్ కోణాలు ఏవీ అక్కరలేదు. ఇటువంటి బంతి కంటపడితే ఎంత ఆశపెట్టినా ముట్టుకోకూడదు. తొందరపడి దానిని ముందే వేసేయడం ఏరు దాటకముందే తెప్ప తగలేసుకోవడం వంటిది. ఆ తర్వాత తెల్లబంతిని బల్ల చుట్టూ తిప్పి అదే చోటికి చేర్చడానికి పడే పాట్లు ఏ పార్లర్‌లోనైనా చూడవచ్చు.

బ్రేక్ దెబ్బలోనూ బలం ఒక్కటే చాలదు. తెల్లబంతి గుట్టకే అంటుకుని ఆగిపోతే బంతులు చెదిరినా కొట్టే దారి ఉండదు. అందుకే అది గుట్టను తాకాక ఏ వైపు బయటపడుతుందో చూసుకుని, పైన కొట్టాలా కింద కొట్టాలా అన్నది తేల్చుకోవాలి. గుట్ట మొత్తం ఒక్కసారే చెల్లాచెదురు కానక్కరలేదు. నాలుగైదు బంతులు విడివడితే చాలు, మిగిలినవాటిని దారిలో కొద్దికొద్దిగా విడదీసుకోవచ్చు.

వదులుకోవడమూ విద్యే

సరైన బంతి లేనప్పుడు సేఫ్ అని ప్రకటించి, ఎదుటివారికి దారి దొరకకుండా తెల్లబంతిని దాచవచ్చు. అప్పుడు పాయింటు రాదు, వంతు పోతుంది, అంతే. అయితే తెల్లబంతి ఏదో ఒక బంతిని తాకాలి. ఆ తర్వాత ఏ బంతీ పాకెట్‌లో పడకపోతే, తెల్లబంతి గానీ మరొకటి గానీ కుషన్‌ను తాకాలి. లేకుంటే ఫౌల్ అయి ఒక పాయింటు కోత పడుతుంది. గడ్డు పరిస్థితుల్లో కోరి ఫౌల్ చేసి ఒక పాయింటు పోగొట్టుకునేవారూ ఉన్నారు. వరుసగా మూడు ఫౌళ్లు చేస్తే మాత్రం మరో 15 పాయింట్లు పోతాయి.

సగం నమ్మకంతో కొట్టిన దెబ్బ తప్పితే నష్టం ఒక్క పాయింటుతో పోదు. విచ్చుకున్న బల్ల ఎదుటివారి పరమవుతుంది. నైన్ బాల్‌లో ఆ నష్టం ఒక గేమ్‌తో ముగుస్తుంది. ఇక్కడ పద్నాలుగు, ఇరవై ఎనిమిది, నలభై రెండు అంటూ పెరుగుతూనే పోవచ్చు. పది సార్లలో ఎనిమిది తొమ్మిది సార్లు పడుతుందన్న నమ్మకం లేని బంతిని విడిచిపెట్టడమే ఈ ఆటలో తెలివైన పని. ఆట ఆరంభంలోనూ ఇంతే. నిండు గుట్టను పగలగొట్టడానికి ఎవరూ ఇష్టపడరు. మూల బంతిని తాకీ తాకనట్టు తాకి, తెల్లబంతిని తిరిగి తలవైపు కుషన్ దగ్గరకు రప్పించుకుంటారు.

సాధన ఇలా...

గంటకింత అని బల్లకు డబ్బు చెల్లించే యువకులు ఆ గంటను ఎలా వాడుతున్నదీ చూసుకోవాలి. గుట్ట పగలగొట్టి దొరికిన బంతినల్లా కొడుతూ పోతే చేయి అలవాటవుతుంది గానీ ఆలోచన పెరగదు. మొదట మూడే బంతులను బల్ల మీద వేసుకోవాలి. తెల్లబంతిని నచ్చిన చోట పెట్టుకుని, కొట్టకముందే మూడింటి వరుసనూ, ప్రతి దెబ్బ తర్వాత తెల్లబంతి ఆగే చోటునూ పైకి చెప్పుకోవాలి. మూడూ పడినా తెల్లబంతి చెప్పిన చోట ఆగకపోతే లెక్కలోకి రానట్టే. అది కుదిరాక నాలుగు, ఆపై అయిదు. అయిదుకు చేరాక పద్నాలుగు బంతుల గుట్టను పేర్చి, పక్కన బ్రేక్ బాల్ పెట్టి, నడిమిభాగంలో కీ బాల్ పెట్టి, ఆ రెండు దెబ్బలనే మళ్లీ మళ్లీ ఆడాలి.

జేబులో చిన్న నోటు పుస్తకం ఉంటే ఇంకా మంచిది. వరుస ఎన్ని బంతులకు ఆగిందన్నదే కాక, ఎందుకు ఆగిందో కూడా రాసుకోవాలి. గురి తప్పిందా, తెల్లబంతి తప్పు పక్కన ఆగిందా, అతుక్కున్న బంతులను ఆలస్యంగా పట్టించుకున్నారా, కీ బాల్‌ను ముందే వేసేశారా? ‘గురి తప్పింది’ అని రాసిన చోట అంతకు ముందు దెబ్బకు తెల్లబంతి ఎక్కడ ఆగిందో కూడా గుర్తు చేసుకుని పక్కనే రాయాలి. చాలా పేజీల్లో కారణం ఆ రెండో మాటలోనే దొరుకుతుంది.