మూగజీవులు మన మనస్సు నెఱుగునా?

సాయంకాలము యజమాని వీధి మలుపు తిరుగక మునుపే ఇంటికుక్క లేచి వాకిలి కడకు పోయి నిలుచును. ఇంట దుఃఖము కలిగిననాడు అది అన్నము ముట్టక మూలను పడియుండును. ఇట్టివి చూచినవారు "మాటలు రాకున్నను దానికి మన మనస్సు తెలియును" అని చెప్పుచుందురు. ఈ మాటలో నిజమెంత? మూగజీవికిని మనకును నడుమ మాటను మించిన రహస్యమార్గ మేదైన కలదా? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము మొదట దొరకినది కుక్కవద్ద గాదు, ఒక గుఱ్ఱము వద్ద.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున బెర్లిను నగరమందు విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను విశ్రాంత గణితోపాధ్యాయుడు తన గుఱ్ఱమునకు లెక్కలు నేర్పితినని ప్రకటించెను. దాని పేరు హాన్స్. రెండును మూడును కలిపిన ఎంతయని అడిగినచో అది గిట్టతో ఐదుమారులు నేలను తట్టి ఆగెడిది. కూడికలే గాక భిన్నములను, తేదీలను గూడ చెప్పెడిది. 1904లో మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ స్టుంఫ్ నాయకత్వమున ఒక సంఘము పరిశీలించి, ఇందు మోసమేమియు కానరాలేదని తెలిపెను. యజమాని దగ్గర లేక పరులు అడిగినప్పుడును హాన్స్ సరిగానే చెప్పుచుండెను.

పిమ్మట ఆస్కార్ ఫుంగ్స్ట్ అను పరిశోధకుడు రెండు చిన్న మార్పులు చేసెను. అడుగువానికే జవాబు తెలియని ప్రశ్నల నడిగించెను. అడుగువాడు గుఱ్ఱమునకు కనబడకుండ దాని కన్నుల ప్రక్కల అడ్డు కట్టించెను. అంతటితో హాన్స్ పాండిత్యము మాయమయ్యెను. రహస్యమేమన, ప్రశ్న అడిగినవాడు గిట్టను చూచుటకై తల కొంచెము వంచును. సరియైన సంఖ్య రాగానే తనకు తెలియకయే తలను రవంత పైకెత్తును. ఆ కదలికయే గుఱ్ఱమునకు ఆగుమను ఆజ్ఞ! 1907లో ఫుంగ్స్ట్ దీనిని గ్రంథరూపమున ప్రకటించెను. సంగతి తెలిసిన తరువాత గూడ తన కదలికను పూర్తిగా అణచుకొనుట ఆయనకే సాధ్యము కాలేదు. హాన్స్ గణితము నేర్వలేదు. మనిషిని చదువుట నేర్చినది.

కుక్క వేల ఏండ్లుగా మన చెంత పెరిగినందున ఈ చదువులో మిక్కిలి ఆరితేరినది. 2002లో ప్రకటితమైన ఒక పరిశోధనయందు, దాచిన ఆహారమును మనుష్యుడు చూపిన గుర్తునుబట్టి కనుగొనుటలో కుక్కలు చింపాంజీలను మించినవి. రేడియో వినునపుడు మనకు వక్త ముఖము కానరాకున్నను కంఠమునుబట్టి సంతోషమో విచారమో గ్రహింతుము. కుక్కయు అట్లే గ్రహించుననుటకు 2014లో బుడాపెస్టు శాస్త్రజ్ఞులు ఆధారము చూపిరి. కంఠధ్వనులను, వాటిలోని భావమును గుర్తించు భాగములు మనుష్యుని మెదడునందువలెనే కుక్క మెదడునందును కలవని తేలినది. దీనికి మనకంటె సూక్ష్మమైన వినికిడిని, వాసనను, నిత్యము అదే వేళకు జరుగు పనుల జ్ఞాపకమును చేర్చినచో, వాకిటి నిరీక్షణము మహిమగా తోచదు.

మహిమయే యని వాదించిన వారును లేకపోలేదు. 1990ల దశకమున ఇంగ్లండులో రూపర్ట్ షెల్డ్రేక్, జేటీ యను కుక్క యజమానురాలు ఇంటికి బయలుదేరు క్షణమును దూరమునుండియే గ్రహించుచున్నదనెను. రిచర్డ్ వైజ్‌మన్ బృందము నాలుగుమారులు పరీక్షించి, అట్టి శక్తికి ఆధారము లభింపలేదని 1998లో ప్రకటించెను. కుక్క కిటికీ కడకు పలుమారులు పోవుచుండెను; మనుష్యులు కలిసివచ్చిన సందర్భములనే జ్ఞాపకముంచుకొందురు.

అవి మనలను ఇంతగా చదువుచుండగా, మనము వాటిని ఎంతవఱకు చదువుచున్నాము? చెప్పు కొఱికిన కుక్క తల వంచి దీనముగా చూచినచో, "తప్పు ఒప్పుకొన్నది" అందుము. 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ దీనిని పరీక్షించెను. తినవలదన్న తినుబండారమును తినినను తినకున్నను, యజమాని గద్దించినప్పుడు కుక్కలు ఆ దీనముఖము ఎక్కువగా పెట్టినవి. అది నేరమును ఒప్పుకొనుట కాదు. మన కోపమునకు వెఱచుట. ఆ ముఖమునే సాక్ష్యముగా గొని మనము ఎన్నిమారులు నిరపరాధిని కొట్టితిమో!

పొరపాటు వలన ముప్పు మనకును కలదు. తోక యాడించుట ఎల్లప్పుడును స్నేహచిహ్నము కాదు. ముఖము త్రిప్పుకొనుట, పెదవులు నాకుకొనుట, నిద్ర రాకున్నను ఆవులించుట, దేహము బిగబట్టుట — ఇవి తఱచు "నన్ను విడువుము" అను మాటలే. పసివాడు కౌగిలించుకొనగా కుక్క గుఱ్ఱుమన్నచో, ముందు పిల్లవానిని దూరముగా తీయవలెను, కుక్కను కొట్టరాదు. గుఱ్ఱుమనుట హెచ్చరిక. దెబ్బలకు వెఱచి హెచ్చరిక మానిన కుక్క, మఱొకనాడు హెచ్చరింపకయే కఱచును. పిల్లి బాధను దాచుకొను జంతువు. అది మఱుగున దాగి తిండి మానినచో, అలిగినదనుకొనక పశువైద్యునికి చూపవలెను.

మూగజీవికిని మనకును నడుమ నున్నది మంత్రము కాదు, గమనిక. ఆ గమనికలో ఇంతవఱకు అధికభాగము వాటిదే. ఈ సాయంకాలము వాకిట నిలుచు కుక్కను పలుకరించుటకు ముందు ఒక్క నిమిషము ఊరక చూడుడు. అది నిత్యము మీకు చేయుచున్న పనియే అది.